పదిహేడు నిమిషాల కుక్కలు

పాత రాక్ పాటల గురించి ఎవరు రాసినా ఒక మాట తప్పకుండా రాస్తారు: "ఇవి ఈ రోజుకీ వర్తిస్తాయి." ఈ మాటంటే నాకు చిరాకు. వేమనకీ ఇదే అంటాం, శ్రీశ్రీకీ ఇదే అంటాం. ఏది వర్తిస్తుంది, ఎవరికి వర్తిస్తుంది, ఏది పాచిపోయింది అని విడదీసి చెప్పకపోతే అది పొగడ్త కూడా కాదు, దండ వేసి దణ్ణం పెట్టి పక్కకి తప్పుకోవడం. ఆ విడదీసే పనికి నేను ఎంచుకున్నది పింక్ ఫ్లాయిడ్ 1977 జనవరిలో తెచ్చిన 'యానిమల్స్'. మన దగ్గర ఫ్లాయిడ్ వినేవాళ్ళకి 'ది వాల్', 'డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' తెలిసినంతగా ఇది తెలీదు. కారణం కనిపిస్తూనే ఉంది. మొత్తం ఐదు పాటలు. మొదటిదీ చివరిదీ నిమిషన్నర దాటవు, మధ్యలో మూడూ పది నిమిషాలకి పైమాటే. రేడియోలో వేసుకోవడానికి పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు.

మనుషుల్ని కుక్కలు, పందులు, గొర్రెలుగా విడగొట్టడం రోజర్ వాటర్స్‌కి ఆర్వెల్ 'యానిమల్ ఫామ్' (1945) నుంచి వచ్చింది. ఐతే అరువు తెచ్చుకున్నది పేర్లు మాత్రమే. ఆర్వెల్ కోపం స్టాలిన్ మీద. వాటర్స్ కోపం తను బతుకుతున్న బ్రిటన్ మీద, 1976లో ఐ.ఎం.ఎఫ్. దగ్గర 390 కోట్ల డాలర్ల అప్పుకి చెయ్యి చాచిన బ్రిటన్ మీద. ఆర్వెల్ కుక్కలు నెపోలియన్ అనే పంది చాటుగా పెంచుకున్న కాపలా కుక్కలు, ఉసిగొల్పితే పీక పట్టుకుంటాయి. వాటర్స్ కుక్కలకి యజమాని కనపడడు. చక్కగా తయారై, నవ్వుతూ చెయ్యి కలిపి, అవతలివాడు వీపు తిప్పేదాకా ఓపిగ్గా కాచుకుంటాయి. నన్నడిగితే ఇవి మన చిన్నయసూరి 'మిత్రభేదం'లో దమనకుడికి దగ్గరి చుట్టాలు. దమనకుడికి సింహం మీద ప్రేమా లేదు, ఎద్దు మీద పగా లేదు. కొలువులో తన చోటు తనకి కావాలి, అంతే.

'డాగ్స్' పదిహేడు నిమిషాల పాట. 1974లోనే వేరే పేరుతో వేదికల మీద వాయించి, తర్వాత సాహిత్యం సరిచేసి, శ్రుతి దించి రికార్డు చేశారు. మొదటి సగం డేవిడ్ గిల్మోర్ పాడతాడు, అంతా "నువ్వు" అని సంబోధన. వింటుంటే పాటలా కాదు, శిక్షణ పుస్తకంలా ఉంటుంది. నిద్రలో కూడా అప్రమత్తంగా ఉండు. తేలిగ్గా దొరికేవాణ్ణి ఎంచుకో. అదను చూసి కొట్టు. అది అలవాటయ్యాక తర్వాతి పాఠం: వేషం, మర్యాద, ఎవరికి అబద్ధం చెప్తున్నావో వాళ్ళ చేతే నమ్మకస్తుడనిపించుకోవడం. ఆ తర్వాత, గొంతులో ఏమాత్రం మార్పు లేకుండానే, బిల్లు చేతిలో పెడతాడు. వయసు మీద పడుతుంది, వెనక్కి తిరిగి చూసుకునే అలవాటు పోదు, చివరికి ఒంటరిగా చావడమే. ఈ పాటలో కుక్కని ఎవరూ శిక్షించరు. దేవుడు లేడు, కోర్టు లేదు, విప్లవం లేదు. పని బాగా నేర్చుకోవడమే శిక్ష. డెబ్భైల నిరసన పాటల్లో ఇంత చల్లగా మాట్లాడిన పాట నేను ఇంకొకటి వినలేదు.

మధ్యలో ఒక మాట ఎకోలో పడుతుంది. ఆ ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ మోగుతూ, అర్థం అరిగిపోయి, సింథసైజర్ శబ్దంలో కలిసిపోతుంది. వెనక వోకోడర్‌లోంచి తీసిన కుక్కల అరుపులు. మనిషి గొంతు యంత్రమైపోతోంది, కుక్క గొంతు కూడా యంత్రమైపోతోంది. రెండింటికీ తేడా పట్టుకోవడం కష్టమయ్యే చోట నిమిషాల తరబడి నిలబెడతారు. విసుగొస్తుందనేవాళ్ళున్నారు. రావాలనే నేననుకుంటాను. ఆ తర్వాత వాటర్స్ అందుకుని "నేను" అని మొదలుపెడతాడు. అప్పటిదాకా పాఠం విన్న కుక్క మొదటిసారి నోరు విప్పి, తనకి అంతా గజిబిజిగా ఉందంటుంది.

నేను పనిచేసే సాఫ్ట్‌వేర్ రంగంలో ఏటా అప్రైజల్ సీజన్ వస్తుంది. టీమ్ మొత్తం బాగా చేసినా బెల్ కర్వ్ ప్రకారం ఎవరో ఒకరు కింది గడిలో పడాలి. ఆ నెలలో క్యాంటీన్‌లో మాటలు తగ్గుతాయి. ఎవరు ఎవరికి మెయిల్లో సీసీ పెట్టారన్నది వార్తవుతుంది. ఇందులో విలన్ ఎవరూ లేరు. మేనేజర్‌కి ఒక ఎక్సెల్ షీట్ వచ్చింది, అతని మేనేజర్‌కీ వచ్చింది. 'డాగ్స్' ఇప్పటికీ కరుస్తుందంటే అది ఇందుకే. దుర్మార్గుల గురించి కాదు అది, నైపుణ్యం గురించి. "కెరీర్‌లో ఎదగడానికి పది సూత్రాలు" అని లింక్డిన్‌లో రోజూ కనిపించే పోస్టుకి నిజాయితీగా రాసిన ప్రతి అది.

'పిగ్స్'కి వచ్చేసరికి నాకు అంత ఉత్సాహం లేదు. వాయిద్యం అద్భుతం, కౌబెల్‌తో సహా. కానీ సాహిత్యం తిట్టు. టీవీలో అశ్లీలత మీద ఉద్యమం నడిపిన మేరీ వైట్‌హౌస్‌ని మూడో చరణంలో పేరు పెట్టి మరీ తిట్టాడు. ఇప్పుడు వినేవాడు ఆవిడెవరో వెతుక్కోవాలి. 2016 నుంచి వాటర్స్ తన కచేరీల్లో ఇదే పాటకి తెర మీద ట్రంప్ బొమ్మలు వేశాడు, జనం ఊగిపోయారు. ఆ ఊగిపోవడం దగ్గరే నాకు పేచీ. మొహం మార్చుకోగలిగిన తిట్టు ఎవరికీ గట్టిగా తగలదు. పంది ఎప్పుడూ వేరేవాడే. టికెట్ కొనుక్కుని వచ్చినవాడు రెండు గంటలు పందిని తిట్టి, తేలికపడి, పొద్దున్నే వెళ్ళి కుక్క ఉద్యోగం చేసుకుంటాడు. 'డాగ్స్' అతనికి ఆ వెసులుబాటు ఇవ్వదు.

'షీప్' ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. రిచర్డ్ రైట్ ఎలక్ట్రిక్ పియానోతో ప్రశాంతంగా మొదలై, నడిమధ్య బైబిల్ 23వ కీర్తనకి పేరడీ వస్తుంది: కాపరి గొర్రెల్ని పచ్చికకి కాదు, కొక్కేలకి నడిపిస్తాడు. గొర్రెలు కరాటే నేర్చుకుని తిరగబడతాయి, కుక్కలు చస్తాయి. వెంటనే, ఇక ఇళ్ళలో ఉండండని వాటికి హెచ్చరిక. ఆర్వెల్‌లో తిరుగుబాటు మొదట్లో గెలిచి మెల్లగా కుళ్ళిపోతుంది. ఇక్కడ చివర్లో గెలిచి, గెలిచిన పూటే ఆరిపోతుంది. ఏది ఎక్కువ నిరాశ అంటే నేను తేల్చి చెప్పలేను.

ఈ ఆల్బమ్ చేసినవాళ్ళు ఈ లెక్కకి బయటవాళ్ళేం కాదు. రాయల్టీ పాట లెక్కన వచ్చేది. ఒకే పాటని రెండు ముక్కలు చేసి మొదటా చివరా పెట్టడంతో వాటర్స్ ఖాతాలో రెండు పాటలు పడ్డాయి. పదిహేడు నిమిషాల 'డాగ్స్'లో సగం పని చేసిన గిల్మోర్‌కి అది ఒక్క పాటే. రైట్‌కి రచనలో పేరే లేదు. తర్వాత 'ది వాల్' సమయంలో అతన్ని బ్యాండ్ నుంచి తప్పించి, టూర్‌కి జీతం మీద పెట్టుకున్నారు. ఆ టూర్ నష్టాల్లో పోయింది, డబ్బు మిగిలింది జీతగాడు రైట్ ఒక్కడికే. వాటర్స్ రాయని నాలుగో జంతువు కథ ఇది.

కవర్ మీద లండన్‌లోని బాటర్సీ పవర్ స్టేషన్, రెండు చిమ్నీల మధ్య గాల్లో పంది. ఫొటో తియ్యడానికి 1976 డిసెంబర్‌లో గాలి నింపిన పన్నెండు మీటర్ల పందిని ఎగరేశారు. మొదటి రోజు, తెగిపోతే కాల్చడానికి తుపాకీవాణ్ణి పెట్టారు, పంది సరిగ్గా లేవలేదు. రెండో రోజు తుపాకీవాడు లేడు, పంది తాడు తెంపుకుని హీత్రూ విమానాల దారిలోకి వెళ్ళి, చివరికి కెంట్‌లో ఒక పొలంలో వాలింది. పవర్ స్టేషన్ 1983లో పూర్తిగా మూతపడింది. 2022 అక్టోబర్‌లో మాల్, ఖరీదైన ఫ్లాట్లు, ఆఫీసులుగా మళ్ళీ తెరుచుకుంది. ఆపిల్ ఆఫీసు అక్కడే. ఒకప్పటి కంట్రోల్ రూమ్ ఇప్పుడు బార్, ఒక చిమ్నీలో అద్దాల లిఫ్ట్. సరిగ్గా దానికి ముందు నెలలోనే 'యానిమల్స్' కొత్త మిక్స్ విడుదలైంది, కవర్ మీద క్రేన్ల మధ్య అదే భవనం. మిక్స్ 2018లోనే సిద్ధం. లోపల వేసే పరిచయ వ్యాసం విషయంలో వాటర్స్‌కీ గిల్మోర్‌కీ పడక నాలుగేళ్ళు ఆగింది. కొత్తగా వినేవాళ్ళు ఈ మిక్స్‌తోనే మొదలుపెట్టండి, డ్రమ్స్ ఇందులో ఇంకా స్పష్టంగా వినిపిస్తాయి. 'డాగ్స్' మాత్రం మధ్యలో ఆపకండి.