రోమాల లెక్క

నల్ల సముద్రానికి దగ్గరి అబ్ఖాజియా కొండల్లోని క్రుబేరా గుహలో 1,980 మీటర్ల లోతున దొరికిన ఒక స్ప్రింగ్‌టెయిల్‌కి 2012లో ప్లూటోమ్యూరస్ ఆర్టోబలగానెన్సిస్ అని పేరు పెట్టారు. పురుగు కొన్ని మిల్లీమీటర్లే, పేరేమో బారెడు! అందరూ ఆ లోతుకే ముక్కున వేలేసుకున్నారు. నాకు మాత్రం ఇలాంటి పురుగుల్ని బల్ల ముందు కూర్చుని వర్ణించేవాళ్ల చేతుల మీదే మనసు. ఆల్కహాల్‌లో దాచిన ఆ నలుసును సన్నటి కుంచె కొసతో ఎత్తుతారు. పటకారుతో పడితే చితికిపోతుంది. లాక్టిక్ ఆమ్లంలో నానితే ఒళ్లు గాజులా తేటపడుతుంది. గాజు పలక మీద హోయర్ ద్రవం చుక్కలో, అంటే మన తుమ్మబంక లాంటి జిగురు కలిసిన ద్రవంలో, కాళ్లూ మీసాలూ విడివిడిగా కనబడేలా సూదితో సర్దుతారు. పైన పల్చటి గాజురేకు వాల్చేటప్పుడు గాలిబుడగ చిక్కిందా, పడ్డ పాటంతా వృథా. ఇక లెక్క మొదలు: ఏ కణుపు మీద ఎన్ని రోమాలు, ఏవి నున్నన, ఏవి ఈకల్లా, గోటికి ఎన్ని పళ్లు, పొట్ట కింద మడుచుకున్న ఎగిరే పంగ చివర ఎలా ఉంది. రోమం కనబడకపోతే అసలు లేదా, రాలిపోయిందా? రాలిందైతే దాని కుదురు గుంట మిగులుతుంది, దాన్ని వెతకాలి. కటకానికి ఒకసారి ఒక పొరే తేటగా అందుతుంది కాబట్టి, పొరలన్నీ కలిపి ఒకే బొమ్మగా చేత్తో గీస్తారు. ఆ బొమ్మ, మ్యూజియంలో దాచిన ఆ గాజు పలక ఉంటే చాలు, ఎప్పుడో మరో గుహలో ఇంకో తెల్లటి నలుసు దొరికినవాళ్లు రోమానికి రోమం పోల్చి చూసుకోవచ్చు.