జున్ను కాదు, జిన్ను

మా తాతగారి పద్దుల పుస్తకం కంప్యూటర్‌లోకి ఎక్కిద్దామని ఆదివారం కూచున్నాను. మొదటి పేజీలోనే, వీసం గుర్తు దగ్గర తెరమీద ఖాళీ డబ్బా పడింది. మళ్లీ కొట్టాను. మళ్లీ డబ్బా.

పాత పాఠకులకు నా గొడవ తెలుసు. వాడకం పోయిన అక్షరాల మీద ఖర్చు దండగనీ, ముందు వాడేవాటికి మంచి ఫాంట్లు గీయమనీ ఎన్నోసార్లు మొత్తుకున్నాను. ఆ చిరాకుతోనే యూనికోడ్ పట్టికలు తిరగేస్తూ లైబీరియాలో తేలాను.

అక్కడి వై భాషకు 1833 ప్రాంతంలో మొమొలు దువాలు బుకెలె లిపి కట్టాడు. కలలో ఎవరో అక్షరాలు చూపించారట. తెల్లారేసరికి చాలా మరిచిపోయి, స్నేహితుల్ని కూచోబెట్టుకుని మిగతావి పూరించాడట. ఈ ముక్క దగ్గరే ఆయన నాకు నచ్చాడు. కల వచ్చిందని చెప్పేవాళ్లు బోలెడుమంది, మరిచిపోయానని ఒప్పుకునేవాళ్లేరీ? మన గుణింతంలా కాదు, క, కి, కులకు వేటికవే వేరే రూపాలు. జనం ఆ లిపిలో ఉత్తరాలు రాసుకున్నారు, పద్దులు రాసుకున్నారు. 1962లో లైబీరియా విశ్వవిద్యాలయంలో దాన్ని ఒక క్రమంలో పెట్టారు. 2008లో 300 అక్షరాలతో యూనికోడ్ 5.1లో చేరింది.

వాటిలో పూర్వం మాటకొకటిగా రాసిన గుర్తులూ ఉన్నాయి. ఒకటి ఆవుకు. అదే గుర్తు జిన్ను పెట్టెకు కూడా! జున్ను అనుకునేరు, తాగే జిన్ను. నవ్వొచ్చింది. నా వాదనకు ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఆ వరసలో చివరి గుర్తు చూశాక నవ్వు ఆగింది. దానర్థం బానిస. ఆ తీరం మనుషుల్ని అమ్మిన తీరం. మాటిమాటికీ రాయాల్సిన మాటకే పొట్టి గుర్తు పుడుతుందనుకుంటాను. ఆ గుర్తున్న కాగితాన్ని ఎక్కించేవాడు దాని బదులు విడి అక్షరాలు పేరిస్తే అర్థం దక్కుతుంది, రాసిన చెయ్యి దక్కదు. తాతగారు గీసిన వీసం గీత బదులు 1/16 అని నేను కొట్టినా అంతే.

ఇంతకీ మన పావు, వీసాల గుర్తులు చేరిందీ ఆ 5.1లోనే. పదహారో వంతుకు చోటు 2008 నుంచీ ఉంది. నా ఫాంటులోనే బొమ్మ లేదు. కాబట్టి నా పాత మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ గుర్తులున్న తెలుగు ఫాంటు మీ దగ్గరుంటే కబురు చేయండి. ఇంకా నలభై పేజీలున్నాయి.