పిల్లి వెన్నులో చిన్న కిటికీ

నాలుగు కిలోల పిల్లి, వెనక కాలి ఎముక విరిగింది. ఆపరేషన్‌కి ముందు, వెనక భాగానికి నొప్పి తెలియకుండా వెన్నులోకి మందు ఎక్కించాలి. మత్తులో బోర్లా పడుకోబెట్టి, నడుము చివర బొచ్చు గొరిగి, జెల్ రాసి, డాక్టరమ్మ అల్ట్రాసౌండ్ ప్రోబ్ ఆనిస్తుంది. తెర మీద ఎముక తెల్లగా మెరుస్తుంది, దాని వెనక కటిక నీడ. ప్రోబ్‌ని కాస్తంత, మిల్లీమీటరో రెండో జరిపితే ఆ నీడల మధ్య కిటికీ తెరుచుకుంటుంది. అందులో సన్నని తెల్ల గీతలు, వాటి నడుమ నల్లటి చార: వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం. మనుషుల్లో వెన్నుపాము సాధారణంగా మొదటి, రెండో నడుము పూసల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఆ కిందుగా గుచ్చే సూది దానికి తగలదు. పిల్లికి ఆ వెసులుబాటు లేదు. దాని వెన్నుపాము ఇంకా చాలా కిందకి దిగుతుంది. తుంటి ఎముకల మొనలు తడిమి, వేలికొసతో పల్లం వెతికి గుచ్చడం పాత పద్ధతి. అదీ గొప్ప విద్యే, కానీ లావుపాటి పిల్లిలో ఆ పల్లం వేలికి ఓ పట్టాన చిక్కదు. అందరూ సూది పట్టిన చేతినే మెచ్చుకుంటారు. నాకైతే ప్రోబ్ పట్టిన రెండో చెయ్యే ముచ్చట. అది వణికిందా, కిటికీ మూసుకుపోయినట్టే. సూది కొస మెరుస్తూ లోపలికి సాగుతుంది, ఆ ద్రవం చుట్టూ ఉన్న పొర దాటాక సూది వెనక చివర తేటనీటి బొట్టు కనిపిస్తుంది. అప్పుడు మందు, మిల్లీలీటరు కూడా ఉండదు, మెల్లగా. ఇక వెనక భాగానికి నొప్పి తెలియదు, పీల్చే మత్తూ తక్కువ సరిపోతుంది. లేచాక కొన్ని గంటలు వెనక కాళ్లు తూలుతాయి. అందాకా దాన్ని ఎత్తు మీదికి ఎక్కనివ్వకండి.