జారే చుక్కే సాక్ష్యం

భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు పడుతుంది. అందువల్ల ఆకాశంలో చుక్కలు సెకనుకు దాదాపు 15 ఆర్క్ సెకన్ల వేగంతో పడమరకు కదులుతుంటాయి. 1824లో ఫ్రౌన్‌హోఫర్ డోర్పాట్ అబ్జర్వేటరీకి తయారుచేసిన టెలిస్కోపు నుంచి ఇప్పటి మేడమీది చిన్న ఈక్వటోరియల్ మౌంట్ దాకా సూత్రం ఒక్కటే: మౌంట్ అక్షం భూమి అక్షానికి సమాంతరంగా ఉంటే, ఒక్క మోటారు నింపాదిగా తిరిగినా చుక్క చూపు నుంచి తప్పిపోదు. అలా సమాంతరంగా నిలపడమే పోలార్ అలైన్‌మెంట్. ఈ పనికి ఎన్ని కొత్త పరికరాలు వచ్చినా, మన ప్రాంతంలో టెలిస్కోపు పెట్టేవాళ్లు ముందుగా చేతికి తెచ్చుకోవలసింది పాత డ్రిఫ్ట్ పద్ధతేనని నా నమ్మకం.

కారణం మన అక్షాంశం. భూమి అక్షం ఆకాశంలో చూపే బిందువు, అంటే ఖగోళ ధ్రువం, ఏ ఊళ్లోనైనా ఆ ఊరి అక్షాంశమంత ఎత్తులోనే ఉంటుంది. హైదరాబాద్‌లో అది 17.4 డిగ్రీలు, తిరుపతిలో 13.6. పక్కింటి వాటర్ ట్యాంకో వేపచెట్టో అడ్డొస్తే చాలు, మామూలుగా అక్షాన్ని గురిపెట్టే ధ్రువ నక్షత్రం కనబడదు. అడ్డు లేకపోయినా అంత కిందన దుమ్ము, పొగమంచు దాన్ని మింగేస్తాయి. కనబడినా అది సరిగ్గా ధ్రువం మీద లేదు, అర డిగ్రీకి పైగా పక్కన ఉంది. పైగా అక్షం దాదాపు పడుకున్నట్టు ఉంటుంది కాబట్టి కౌంటర్ వెయిట్ ట్రైపాడ్ కాలికి తగిలే ప్రమాదముంది. మోటారు వేసేముందు ఒకసారి చేత్తో మెల్లగా తిప్పి చూసుకోవాలి.

డ్రిఫ్ట్ పద్ధతికి ధ్రువ నక్షత్రంతో పనే లేదు. జర్మన్లు దీన్ని షైనర్ పేరుతో, ఫ్రెంచివాళ్లు బిగూర్దాఁ పేరుతో పిలుస్తారు. ముందు ట్రైపాడ్‌ను మట్టం చూసి నిలిపి, దిక్సూచితో అక్షాన్ని ఉత్తరానికి తిప్పి, ఎత్తును అక్షాంశానికి సరిపెట్టాలి. తర్వాత దక్షిణాన, యామ్యోత్తర రేఖకూ ఖగోళ మధ్యరేఖకూ దగ్గరగా ఉన్న చుక్కను క్రాస్‌హెయిర్ ఐపీస్‌లో మధ్యకు తేవాలి. ఐపీస్‌లో దిక్కులు తారుమారవుతాయి కాబట్టి గొట్టాన్ని ఉత్తరానికి కొంచెం నెట్టి చూడాలి. చుక్క ఏ అంచు వైపు పోతే అది దక్షిణం. మోటారు నడుస్తుండగా చుక్క దక్షిణానికి జారితే అక్షం తూర్పుకు తిరిగి ఉన్నట్టు, ఉత్తరానికి జారితే పడమరకు. అజిమత్ స్క్రూలతో సవరించాలి. ఆపైన తూర్పున ఒక చుక్కను పట్టుకోవాలి. అది దక్షిణానికి జారితే అక్షం కిందికి ఉంది, ఉత్తరానికి జారితే పైకి ఉంది. మరీ దిగంతం మీది చుక్క పనికిరాదు, అక్కడ గాలి పొరల వక్రీభవనం లెక్క తప్పిస్తుంది. తూర్పు, పడమర జారుళ్లను పట్టించుకోనక్కర్లేదు. అవి చాలావరకు మోటారు గేర్ల దోషాలు.

కెమెరాతో చుక్కల్ని గుర్తించి ఐదు నిమిషాల్లో తప్పెంతో చెప్పే సాఫ్ట్‌వేర్ ఉండగా ఇదంతా ఎందుకని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వాటిలో కొన్ని ధ్రువం కనబడకపోయినా పనిచేస్తాయి, ఉన్నవాళ్లు వాడుకోవలసిందే. అయితే ఆ కొలత ఆ నిమిషానిది. తర్వాత బోల్టు సడలినా, ట్రైపాడ్ కాలు మెత్తటి మట్టిలో దిగినా అది చెప్పదు. జారే చుక్క మాత్రం మౌంట్ అప్పటికి ఎలా నిలబడి ఉందో చెబుతూనే ఉంటుంది. ఆటోగైడర్ ఉంటే చాలన్న మాట మరీ బలహీనం. అది ఒక చుక్కను కదలకుండా పట్టి ఉంచుతుంది, కానీ అక్షం తప్పితే మిగతా దృశ్యమంతా ఆ చుక్క చుట్టూ మెల్లగా తిరుగుతుంది. ఫొటో అంచుల్లో చుక్కలు చాపాలవుతాయి.

బేగంపేటలోని నిజామియా అబ్జర్వేటరీ అంతర్జాతీయ ఆకాశ పటం కోసం ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీని ఫొటో పలకల మీదికి ఎక్కించింది. చుక్కల స్థానాలు కొలిచే అలాంటి పనిలో అక్షం కుదరడం విడిగా ఎంచుకునే సౌకర్యం కాదు, అదే పునాది.

కంటితో చూసేవాళ్లకు ఇంత పట్టింపు అక్కర్లేదన్నది నిజమే. చంద్రుణ్ణో శనినో చూడటానికి ఒక డిగ్రీ తేడా ఉన్నా ఇబ్బంది లేదు. ఫొటో సంగతి వేరు. అక్షం 5 ఆర్క్ నిమిషాలు తప్పినా చుక్క నిమిషానికి 1.3 ఆర్క్ సెకన్ల దాకా జారుతుంది. ఎత్తు సరిచేస్తే అజిమత్ కొంచెం కదలొచ్చు కాబట్టి దక్షిణపు చుక్క దగ్గరికి మళ్లీ వెళ్లి, ఎక్స్‌పోజర్ తీసేంతసేపూ జారుడు కనబడనంత వరకు ఈ రెండు సవరణలూ మార్చి మార్చి చేయాలి.