సర్వజ్ఞునికి సందేశం: ‘గబ్బిలం’లో దైవజ్ఞానం, త్యాగప్రేమ

గుఱ్ఱం జాషువ (1895–1971) ‘గబ్బిలం’ తొలిభాగం 1941లో వెలువడింది. కాళిదాసు ‘మేఘసందేశం’ దీనికి నమూనా అన్నది సుపరిచితమైన విషయమే. ఆ పోలిక దగ్గరే ఆగిపోతే కావ్యంలోని ఒక ముఖ్యమైన చిక్కు కనబడదు. సందేశకావ్యానికి పునాది ఎదుటివారికి తెలియకపోవటం. యక్షుడు ఎలా ఉన్నాడో అలకాపురిలోని భార్యకు తెలియదు కనుకనే మేఘం బయలుదేరవలసి వచ్చింది. ‘గబ్బిలం’లో సందేశం అందుకోవలసినవాడు కాశీలోని శివుడు, సర్వజ్ఞుడు. అన్నీ తెలిసినవానికి కబురు పంపవలసిన అవసరం ఏమిటి?

కావ్యనాయకుడైన అరుంధతీ సుతునికి ఈ ప్రశ్న తట్టలేదనుకోలేము. దేవాలయంలో వేలాడేటప్పుడు శివుని చెవి నీకు దగ్గరగా ఉంటుంది, పూజారి లేని సమయం చూసి నా జీవితకథ విన్నవించమని అతడు గబ్బిలాన్ని కోరుతాడు. దేవునికి తెలుసా, తెలియదా అన్నది అతని వాదం కాదు. తెలిసినవాడు ఏమి చేశాడన్నదే వాదం. కర్మసిద్ధాంతంతో తన నోరు కట్టి స్వార్థపరులు తన కూడు తింటున్నారని, అసలు కర్మ అంటే ఏమిటో, దానికి తనపై ఈ పగ దేనికో ఈశ్వరుని చేతనే రుజువు చేయించమని అడిగినప్పుడు సందేశం కాస్తా అభియోగపత్రంగా మారుతుంది.

క్రైస్తవ వేదాంతంలో ఈ చిక్కు మరొక రూపంలో ఉంది. సమస్తాన్నీ ముందే ఎరిగిన దేవుడు, పతనమూ బాధా తప్పవని తెలిసి, సృష్టికి ఎందుకు పూనుకున్నాడు? 6వ శతాబ్దపు బొయీథియస్ చెప్పిన సమాధానం ప్రసిద్ధం: దేవునికి భూతభవిష్యత్తులు లేవు, సమస్తమూ నిత్యవర్తమానమే; నడుస్తున్న మనిషిని చూడటం అతణ్ణి నడిపించటం కానట్లే, దేవుడు ఎరిగి ఉండటం మనిషిని నిర్బంధించటం కాదు. తర్కంగా ఇది పటిష్ఠమైనదే. కాని ఇది రక్షించేది తప్పు చేసేవాని స్వేచ్ఛను. ఆ తప్పును మోసేవాని సంగతి ఇందులో లేదు. పాశ్చాత్య చర్చలో చాలా భాగం దోషి వైపునుంచి సాగితే, ‘గబ్బిలం’ బాధితుని వైపునుంచి అడుగుతుంది. తెలుగు నేలపై ఈ తేడా చిన్నది కాదు. ‘విధి’, ‘నుదుటిరాత’, ‘పూర్వజన్మ ఫలం’ అనే మాటలు తరతరాలుగా వెలివాడకు సంజాయిషీగా చెల్లుబాటైనవి. వాటి స్థానంలో బైబిలు అనువాదపు ‘భవిష్యద్‌జ్ఞానము’ అనే సంస్కృత సమాసాన్ని నిలిపినంత మాత్రాన గూడెంలో ఏదీ మారదు. అది నుదుటిరాతకు మరో పేరుగా వినబడే ప్రమాదమూ ఉంది.

అలా వినబడకుండా నిలిపేది క్రైస్తవ గ్రంథంలోని ‘ఎరుగుట’ అనే మాటకున్న బరువు. నిర్గమకాండం మూడో అధ్యాయంలో దేవుడు బానిసల బాధ చూశానని, మొర విన్నానని, వారి దుఃఖం ఎరుగుదునని చెప్పి, వెంటనే దిగి వచ్చానంటాడు. అక్కడ ఎరగటం దిగిరావటానికి తొలిమెట్టు. ప్రకటన గ్రంథం 13:8లో ఇంకొక విశేషముంది. ‘జగదుత్పత్తి మొదలుకొని’ అన్న మాట గ్రీకు మూలంలో వధకు గురైన గొఱ్ఱెపిల్లకు చెందుతుందా, జీవగ్రంథంలో పేర్ల లేఖనానికి చెందుతుందా అన్నది సందిగ్ధం. విశేషణం ముందు రావలసిన తెలుగు వాక్యంలో ఆ సందిగ్ధాన్ని అలాగే ఉంచటం కష్టం. తెలుగు అనువాదం గొఱ్ఱెపిల్ల వైపే మొగ్గింది. దాని ప్రకారం సృష్టి ఖర్చు సృష్టికర్తకు ముందే తెలుసు, ఆ ఖర్చు తనమీదే పడుతుందనీ తెలుసు.

శివుడు కూడా తెలిసి బాధను స్వీకరించినవాడే. హాలాహల భక్షణ ఘట్టం పోతన భాగవతం చదివినవారందరికీ కంఠస్థమే. జాషువ తన నాయకుని మొరను ఆ గరళకంఠుని చెవికే చేర్చటం యాదృచ్ఛికం కాకపోవచ్చు. లోకం కోసం విషం మింగినవాడు ఈ విషాన్ని ఎందుకు మింగడన్న నిలదీత ఆ ఎంపికలోనే ఉంది. భేదమూ ఉంది. హాలాహలం దేవాసురుల మథనంలో పుట్టినది. ఆ కడలిని చిలికింది శివుడు కాదు. క్రైస్తవ చింతనలో గరళం మింగేవాడూ, కడలిని చేసినవాడూ ఒక్కడే. అందుకే అక్కడ ప్రశ్న మరింత తీవ్రమవుతుంది.

ఇంతమాత్రాన ‘గబ్బిలం’ క్రైస్తవ కావ్యం కాబోదు. తరువాత ‘క్రీస్తు చరిత్ర’ రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన కవి ఇక్కడ క్రీస్తును కాక శివుణ్ణి సంబోధించాడు. ఆ ఎంపికను గౌరవించాలి. పైగా కులాన్ని గుమ్మం బయట వదలని చర్చిలకు కూడా ఈ సందేశం వర్తిస్తుంది. అర్వింద్ పి. నిర్మల్ 1981లో దళిత వేదాంతానికి బీజం వేయటానికి 40 ఏళ్ల ముందే, బాధితుని నోటినుంచి దైవవిచారణ తెలుగు పద్యంలో జరిగింది.

త్యాగప్రేమ విషయంలో ఈ కావ్యం అత్యంత జాగరూకత చూపిన చోటు మరొకటుంది. భారతవీరుని పాదం కందకుండా చెప్పులు కుట్టి బతికే ఈ మనిషి సేవకు దేశం అప్పుపడిందంటాడు కవి. త్యాగం అనలేదు. యోహాను సువార్త పదో అధ్యాయంలో క్రీస్తు తన ప్రాణాన్ని ఎవరూ తీసుకోవటం లేదని, తానే పెడుతున్నానని చెబుతాడు. అరుంధతీ సుతుడు పెట్టలేదు. అతని వద్దనుంచి తీసుకున్నారు. సిలువ ఎత్తుకొమ్మని అతనికి బోధించే ఉపదేశకుడు ఆ పద్యంలోని అప్పు లెక్కను ముందు తేల్చవలసి ఉంటుంది.