వెంట వచ్చినవి

లిబ్రెఆఫీస్‌లో ఫాంట్ల జాబితా తెరిస్తే గుజరాతీ, ఒడియా, గురుముఖి, మలయాళం... తెలుగు ఫాంట్ పోతన ఎక్కడుందో వెతుక్కుంటూ పోవాలి. డెబియన్ లినక్స్ వాడే తెలుగువాళ్లకు ఇది ఎరిగిన అవస్థే. ఎప్పుడో తెలుగు కనబడాలని 'ఫాంట్స్-ఇండిక్' ఇన్‌స్టాల్ చేసుకుంటాం. దాని వెంట మిగతా భారతీయ లిపుల ఫాంట్లూ దిగుతాయి. సరే, అక్కరలేదని దాన్ని తీసేస్తే జాబితా ఏమీ తగ్గదు. కారణం, అది మెటాప్యాకేజీ. అందులో ఫాంట్ ఒక్కటీ ఉండదు, ఫలానా ఫలానావి కావాలని రాసిన చీటీ మాత్రమే ఉంటుంది. చీటీ చింపినంత మాత్రాన సరుకు ఇల్లు వదలదు కదా!

ఇలా ఒకటి అడిగితే దానికి కావలసినవన్నీ వెతికి తెచ్చే పని ఆప్ట్‌ది. 1999లో డెబియన్ 2.1తో అది అందరి చేతికీ వచ్చింది. తెచ్చేటప్పుడు ఒక లెక్క రాసుకుంటుంది: మనం పేరు పెట్టి అడిగినది 'మాన్యువల్', దాని వెంట వచ్చినది 'ఆటో'. మొదట్లో ఆప్ట్ కమాండ్ అయిన ఆప్ట్-గెట్‌కు ఈ లెక్క లేదు, అదే పని చేసే ఆప్టిట్యూడ్ ముందుగా రాయడం మొదలుపెట్టింది. ఈ పద్ధతి అంతటిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఈ చిన్న గుర్తే. ఏది ఎందుకు వచ్చిందో గుర్తుంటేనే, దేన్ని పంపవచ్చో తెలుస్తుంది.

'ఆటోరిమూవ్' ఆ గుర్తునే చదువుతుంది. ఆటోగా వచ్చి, ఇప్పుడు ఎవరికీ అవసరం లేని ప్యాకేజీలను తీసేస్తానంటుంది. మరీ తొందరపాటు మనిషి కాదు: మిగిలిన ప్యాకేజీల్లో ఏదైనా ఒకటి దాన్ని సిఫారసు చేసినా, ఊరికే సూచించినా చాలు, ముట్టుకోదు. అయితే ఫాంట్ల విషయంలో చిక్కు ఇక్కడే. ఇండిక్ పోయాక 'ఫాంట్స్-తెలు' కూడా వెంట వచ్చిన దాని కిందే లెక్క. పోతన2000, వేమన2000 ఉన్న ప్యాకేజీ దాని వెంటే వస్తుంది. చూడకుండా వై నొక్కితే గుజరాతీతోపాటు తెలుగూ పోతుంది. అందుకే ముందు 'ఆప్ట్-మార్క్ మాన్యువల్' అని ఫాంట్స్-తెలుకు గుర్తు మార్చాలి. దాని కింద ఉన్నవాటికి వేరే రక్షణ అక్కరలేదు. తర్వాత 'సిమ్యులేట్' ఆప్షన్‌తో ఒకసారి ఉత్తుత్తిగా నడిపి, పోయేవాటి పేర్లు చదవాలి. పేరు పేరునా చదవాలి.

ఈ మాట నొక్కి చెప్పడానికి కారణం ఉంది. 2021లో పేరున్న ఒక యూట్యూబర్ ఆప్ట్‌తో ఆటల ప్రోగ్రాం స్టీమ్ ఇన్‌స్టాల్ చేయబోయి, హెచ్చరికను దాటి సమ్మతి టైప్ చేసి, డెస్క్‌టాప్‌నే పోగొట్టుకున్నారు. మూలం ప్యాకేజీలు ఒకదానితో ఒకటి పొసగకపోవడమే. కానీ పోయేవాటి జాబితా తెర మీదే ఉంది. ఆ తర్వాత ఆప్ట్‌లో అలా టైప్ చేసి దాటే వీలు తీసేశారు.

'రిమూవ్' చేసినా సెట్టింగుల ఫైళ్లు ఈటీసీ డైరెక్టరీలో మిగులుతాయి. డీపీకేజీ కమాండ్ ఇచ్చే జాబితాలో అలాంటివాటి పక్కన 'ఆర్‌సీ' అని ఉంటుంది. వాటికి 'పర్జ్' కావాలి. హోమ్ డైరెక్టరీలో మనం దాచుకున్నవాటిని అదీ తాకదు. ఏదైనా ఎందుకుందో అర్థం కాకపోతే 'ఆప్టిట్యూడ్ వై' (why) అని దాని పేరు ఇవ్వండి, ఎవరి వెంట వచ్చిందో చెబుతుంది. ఇవన్నీ అయ్యాక లిబ్రెఆఫీస్ తెరిచి చూస్తే పోతన, వేమన అలాగే ఉంటాయి, వెతుక్కునే పని లేకుండా.