మా నాయనకు ఈ క్లిప్ చూపిచ్చేదెవురు?

కావలి దగ్గర ఒక కాలేజీలో 'కుటుంబ సంబంధాలు, నిర్ణయాలు' మీద క్లాసు జరుగుతుంటే వెనక బెంచీలో కూర్చున్నాను. ప్రొజెక్టర్ మీద 'బొమ్మరిల్లు' క్లైమాక్స్ నడుస్తోంది. ఇన్నేళ్లూ లోపల దాచుకున్నదంతా సిద్ధు తండ్రి ముందు కక్కేస్తాడు. ప్రకాశ్‌రాజ్ మొహంలో నమ్మకమంతా మెల్లగా కూలిపోతుంది. లైట్లు వేశాక లెక్చరర్ "ఏం నేర్చుకున్నాం?" అని అడిగారు. మనసు విప్పి మాట్లాడాలని ముందు వరస చెప్పింది. అప్పుడు, సముద్రం పక్క పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే ఒకమ్మాయి లేచి అడిగింది: "మరి మా నాయనకు ఈ క్లిప్ చూపిచ్చేదెవురు సార్?"

అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ సినిమా గురించి నేను విన్న మంచి విమర్శల్లో అదొకటి అనిపించింది.

2006లో భాస్కర్ తీసిన 'బొమ్మరిల్లు' మంచి సినిమానే. ప్రేమ కూడా ఊపిరాడనివ్వదని, చొక్కా రంగు దగ్గర మొదలైన పెత్తనం పెళ్లిదాకా వస్తుందని అంత చల్లగా చూపించిన తెలుగు సినిమాలు తక్కువ. చిక్కంతా దాన్ని పాఠంగా వాడేటప్పుడు వస్తుంది. ఆ క్లైమాక్స్‌లో మారేది తండ్రి. అంటే అది తండ్రులకు చెప్పాల్సిన పాఠం. మనం దాన్ని పిల్లలకు చూపించి, ధైర్యంగా మాట్లాడితే అవతలివాళ్లు కరిగిపోతారని హామీ ఇస్తున్నాం. కరగని ఇంట్లో ఏం చేయాలో ఆ సీన్‌లో లేదు.

ఇంకొంచెం దగ్గరగా చూడండి. హాసిని వారం రోజులు వాళ్లింట్లో ఉంటుంది. పరీక్ష రాసేది ఆమె, పేపరు దిద్దేది అరవింద్. చివర్లో సిద్ధు కూడా మీ ఇంట్లో వారం ఉంటాడని కనకారావుకు సూచించేదీ ఆయనే. నాన్న మంచివాడయ్యాడు, సంతోషమే. కానీ తాళాలు మాత్రం ఆయన జేబులోనే ఉన్నాయి.

క్లాసుల్లో ఎవరూ చూపించని సీన్ ఒకటుంది. సిద్ధు మునుపటిలా లేడని, ఆ ఇంట్లో తను తనలా ఉండలేనని చెప్పి హాసిని వెళ్లిపోయే సీన్. అక్కడ ఎవరూ కరగరు, ఎవరూ ఆమెను మెచ్చుకోరు. నష్టం తెలిసీ ఒక మనిషి తేల్చుకుంటుంది. సినిమా మొత్తంలో ఎవరి అనుమతీ అడగని నిర్ణయం నాకు అదొక్కటే కనిపించింది.

కథతో పాఠం చెప్పడం నెల్లూరుకు కొత్తేం కాదు. తీరం వదిలి మెట్టకు పోతే కలిగిరి మండలంలో దూబగుంట వస్తుంది. 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు రాత్రిబడి వాచకాల్లో సారా గురించిన 'సీతమ్మ కథ' ఉండేది. 1992లో రోశమ్మా, ఆ ఊరి ఆడవాళ్లూ సారా దుకాణం మూయించారు. అది జిల్లా అంతా పాకి, సారా వేలంపాటల్ని అడ్డుకునేదాకా పోయింది. 1993 అక్టోబర్ నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు.

ఆ ఒక్క పాఠం వల్లే ఉద్యమం పుట్టిందనుకుంటే పొరపాటు. కూలి డబ్బులు ఎటు పోతున్నాయో, ఒంటి మీద దెబ్బలు ఎందుకు పడుతున్నాయో వాళ్లకు పుస్తకం చెప్పక్కర్లేదు. రాత్రిబడి ఇచ్చింది ఇంకోటి: నలుగురు ఆడవాళ్లు ఒకచోట కూర్చుని, "మా ఇంట్లోనూ ఇంతే" అని బయటికి చెప్పుకునే వీలు. మొగుళ్ల మనసు మారేదాకా వాళ్లు ఆగలేదు. నేరుగా దుకాణం దగ్గరికి నడిచారు.

తర్వాత జరిగింది మళ్లీ సినిమాలాగే ఉంటుంది. 1994 డిసెంబర్‌లో ఎన్టీఆర్ ప్రమాణ స్వీకారం రోజునే మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. ఊరి ఆడవాళ్ల నిర్ణయం పెద్దాయన చేతికి వెళ్లింది. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. ఒకరి సంతకంతో వచ్చింది ఇంకొకరి సంతకంతో పోతుంది.

అందుకని క్లాసుల్లో సినిమాలు వద్దని నేను అనను. మూడు గంటలు పిల్లలు కళ్లార్పకుండా చూసే కుటుంబ కథను వాడుకోకపోవడం తెలివితక్కువ. కాకపోతే క్లిప్ ఎక్కడ ఆపుతామన్నది ముఖ్యం. కన్నీళ్ల దగ్గర ఆపితే చప్పట్లొస్తాయి. హాసిని గడప దాటే దగ్గర ఆపి "మీరైతే ఏం చేస్తారు? మీకు తోడు ఎవరుంటారు?" అని అడిగితే క్లాసు కాసేపు నిశ్శబ్దంగా ఉంటుంది. తర్వాత ఎవరో ఒకరు మొదలుపెడతారు.

ఆ రోజు ఆ అమ్మాయి అలాగే మొదలుపెట్టింది. మేం నవ్వేసి, ఇంకో క్లిప్ వేసుకున్నాం.